ఫార్మాట్ కొట్టకముందు



మన ఊళ్ళలో కంప్యూటర్ మొరాయించిందంటే వినపడే మాట ఒకటే. నెల్లూరు ట్రంకురోడ్డు మీద అడగండి, కావలిలో అడగండి, ముత్తుకూరులో అడగండి. మూత పూర్తిగా తియ్యకముందే షాపు కుర్రవాడు అనేస్తాడు. "ఫార్మాట్ కొట్టేద్దాం అన్నా, శుభ్రంగా ఉంటది."

ఆ కుర్రవాణ్ణి నేను తప్పుపట్టను. బల్ల మీద ఇంకా అరడజను మెషీన్లు ఉంటాయి. ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్ళీ ఎక్కిస్తే గంటా రెండు గంటల్లో పని ముగుస్తుంది. నిజమే, మెషీన్ శుభ్రంగానే ఉంటుంది. కాకపోతే అందులో మీది ఏమీ మిగలదు.

ఏం పోతుందో ఒక్కసారి అనుకోండి. రొయ్యల చెరువులు చేసే ఆసామి ఉంటాడు. ఏ చెరువుకు ఎన్ని మూటల మేత వేశాడో, ఎవరికి ఎంత బాకీ ఉన్నాడో అంతా ఆ పెట్టెలోనే రాసుకుంటాడు. ఫోటో స్టూడియో ఉంటుంది. నిరుడు మాఘమాసంలో తీసిన పెళ్ళి ఫోటోలు ఇంకా ఆల్బం కాలేదు, అన్నీ అందులోనే ఉన్నాయి. పెళ్ళి మళ్ళీ చేయించి ఫోటోలు తియ్యలేం కదా. ఫార్మాట్ కొట్టడానికి ముందు ఆ సంగతి అడిగేవాళ్ళు తక్కువ. అడగకపోయినా చెప్పాల్సింది మనం.

అందుకే ఈ పూట మీకు మూడు మాటలు చెబుతాను. మధ్యమధ్యలో మళ్ళీ మళ్ళీ అవే చెబుతాను, విసుక్కోకండి. ముందు చూడండి. తర్వాత మీ సరుకు తీసి పెట్టుకోండి. ఆఖరున బాగు చెయ్యండి. చూడటం, తీసి పెట్టుకోవటం, బాగు చెయ్యటం. ఈ వరస తప్పితేనే నష్టం.

ఈ వరసను మన తీరంలోనే ప్రపంచమంతా చూసింది. శ్రీహరికోట ఇప్పుడు కాగితాల మీద తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది గానీ, నెల్లూరు వాళ్ళకు అక్కడి రాకెట్ కేంద్రం 'షార్' ఎప్పుడూ మనదే. 2023 అక్టోబరు 21, శనివారం ఉదయం. మనుషులను అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ కోసం ఒక పరీక్ష పెట్టుకున్నారు. మనుషులు కూర్చునే గదిలాంటి పెట్టెను రాకెట్టుతో పైకి పంపి, ప్రమాదం వస్తే దాన్ని విడదీసి క్షేమంగా దింపగలమా అని చూడటం. వాతావరణం బాగాలేక కాసేపు ఆలస్యమైంది. లెక్క మళ్ళీ మొదలైంది. పది, తొమ్మిది, ఎనిమిది... ఇంకో అయిదు సెకన్లు ఉందనగా రాకెట్టు ఆగిపోయింది. ఆపింది మనిషి కాదు. కంప్యూటర్ ఆపింది. ఏదో తేడా కనపడింది, ఆపేసింది.

అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ మైకు దగ్గరికొచ్చి ఏం చెప్పారో గమనించండి. రాకెట్టు క్షేమంగా ఉంది అన్నారు. ఏం జరిగిందో చూస్తాం అన్నారు. బాగు చెయ్యటం ఆ తర్వాతే. కారణం దొరికింది, సరిచేశారు, అదే ఉదయం పది గంటలకు ఎగరేశారు. ఆ పెట్టె పారాచూట్లతో బంగాళాఖాతంలో దిగింది. నౌకాదళం వాళ్ళు వెళ్ళి తెచ్చారు.

మన బల్ల మీద కంప్యూటర్ కూడా ఏదన్నా తేడా వస్తే చెబుతూనే ఉంటుంది. మనం వినం, అంతే. నీలం తెర వస్తే భయపడి స్విచ్చి కట్టేస్తాం. ఆ తెర మీద ఇంగ్లీషులో ఒక ముక్క ఉంటుంది. దాన్ని సెల్‌ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. రిపేరుకు వచ్చేవాడికి ఆ ఫోటో చూపిస్తే సగం పని అయిపోయినట్టే.

మెషీన్ ఇంకా లేస్తూ ఉంటే మరీ మంచిది. విండోస్‌లో స్టార్ట్ దగ్గర 'రిలయబిలిటీ' అని కొట్టండి. ఒక చిట్టా తెరుచుకుంటుంది. ఏ రోజు ఏం ఎక్కించారు, ఏ రోజు ఏది కూలిపోయింది, తేదీల వారీగా ఉంటుంది. ఎర్ర గుర్తులు మంగళవారం నుంచి మొదలయ్యాయి అనుకోండి. సోమవారం సాయంత్రం ఏదో ప్రింటరు సాఫ్ట్‌వేరు ఎక్కించారని కూడా అక్కడే కనపడుతుంది. ఇక వెతుక్కోవాల్సిన పనేముంది? ఇది డబ్బులిచ్చి కొనేది కాదు. మీ మెషీన్‌లో ఏళ్ళ తరబడి కూర్చునే ఉంది, అడిగేవాళ్ళు లేక.

చూడాల్సినవాటిలో రెండోది డిస్కు. ప్రతి హార్డ్‌డిస్కూ తన ఆరోగ్యం లెక్క తనలోనే రాసుకుంటుంది. దాన్ని చదివి చూపించే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. జపాన్ వాళ్ళు చేసిన క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అందులో ఒకటి. తెరిస్తే ఒక రంగు చూపిస్తుంది. నీలం అయితే బాగుంది. పసుపు అయితే జాగ్రత్త. ఎరుపు అయితే ఇంకేం చెయ్యకండి, ఫైళ్ళు తీసుకోండి. నీలం చూపించి కూడా ఉన్నట్టుండి పోయే డిస్కులు ఉంటాయని మాత్రం మరిచిపోకండి.

ఇప్పుడు మన తీరం వాళ్ళకు మాత్రమే ఉండే తిప్పలు చెబుతాను. మైపాడు, కోడూరు, తూపిలిపాళెం వైపు ఇళ్ళలో కిటికీ ఊచలు ఎంత తొందరగా తుప్పు పడతాయో మీకు తెలుసు. అదే ఉప్పుగాలి కంప్యూటర్ లోపలికీ పోతుంది. ర్యామ్ అని ఒక సన్నటి పలక ఉంటుంది, దాని అంచున బంగారు రంగు గీతలుంటాయి. వాటి మీద చిలుము పడుతుంది. అప్పుడు బటన్ నొక్కితే ఫ్యాను తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. పాత డెస్క్‌టాప్ అయితే ఆగకుండా కూత పెడుతుంది. "మదర్‌బోర్డు పోయిందబ్బా" అని ఎవరన్నా అంటే తొందరపడి నమ్మకండి. కరెంటు తీగ పీకేసి, చేత్తో ఇనుప డబ్బాను ఒకసారి ముట్టుకుని, ర్యామ్ బయటికి తీసి, పిల్లల పెన్సిల్ రబ్బరుతో ఆ గీతలను మెల్లగా తుడిచి, పొడి దులిపి, మళ్ళీ గట్టిగా నొక్కి పెట్టి చూడండి. మన మెకానిక్కులందరికీ తెలిసిన పని ఇది. రికవరీ సామాన్లలో ఇంత చవకైనది ఇంకోటి లేదు. ఏ పుస్తకంలోనూ దాన్ని టూల్ అని రాయరు, అది వేరే సంగతి.

ఇంకొకటి. నెట్ సెంటర్ల వాళ్ళు బాగా వినండి. పొద్దున్నే సెంటర్ తెరుస్తారు. రైతు వచ్చి కూర్చుంటాడు. "అబ్బయా, నా పాసుబుక్కు ఆన్‌లైన్లో ఎక్కిందో లేదో చూడు" అంటాడు. ఏ సైటు తెరిచినా భద్రత లేదు అని వస్తుంది. బ్యాంకు సైటు రాదు, ప్రభుత్వం సైటు రాదు. నెట్ పోయిందని కంపెనీకి ఫోన్ చేస్తారు. వైరస్ పట్టిందని ఇంకొకరంటారు. ఫార్మాట్ కొడదామని మూడోవాడు రానే వస్తాడు. ఒక్క క్షణం ఆగి, తెర మీద కుడివైపు అడుగున తేదీ చూడండి. ఎప్పుడో పదేళ్ళ కిందటి సంవత్సరం చూపిస్తూ ఉంటుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత సెల్ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు కూడా గడియారం నడిపేది అదే. రాత్రి కరెంటు పోయింది, ఆ సెల్ అరిగిపోయింది, గడియారం వెనక్కి పోయింది. తేదీ తప్పితే భద్రత ఉన్న సైట్లను మీ కంప్యూటరే నమ్మదు, తెరవనివ్వదు. సెల్ మార్చి తేదీ సరిచేస్తే అన్నీ తెరుచుకుంటాయి. అందుకే మళ్ళీ చెబుతున్నాను. ముందు చూడండి.

సరే, చూశాం. డిస్కు పోయేట్టుంది, లేదంటే విండోస్ అసలు లేవటంలా. ఇప్పుడు రెండో మాట. మీ సరుకు తీసి పెట్టుకోండి.

విండోస్ లేవకపోతే ఫైళ్ళు పోయాయని చాలామంది అనుకుంటారు. పోలేదు. డిస్కులో పదిలంగా ఉంటాయి. తలుపు మాత్రం తెరుచుకోవటం లేదు, అంతే. అప్పుడు వేరే తలుపులోంచి లోపలికి పోవాలి. ఒక పెన్‌డ్రైవ్‌లో పూర్తి ఆపరేటింగ్ సిస్టం పెట్టుకుని, డిస్కును ముట్టుకోకుండా ఆ పెన్‌డ్రైవ్‌తోనే మెషీన్‌ను లేపొచ్చు. జర్మనీలో క్లాస్ నాపర్ అనే ఆయన 2000 సంవత్సరంలో నాపిక్స్ పేరుతో ఒక సీడీ తయారుచేశాడు. అది లినక్సు. సీడీ పెడితే చాలు, మెషీన్ లేచి కూర్చునేది. ఇప్పుడు ఉబుంటు పెన్‌డ్రైవ్ చేసుకున్నా అదే పని చేస్తుంది. లేచాక మీ ఫోల్డర్లు కనపడతాయి. ఇంకో డిస్కు తగిలించి అందులోకి కాపీ చేసుకోండి. ఆ తర్వాత ఫార్మాట్ కొట్టినా నాకు అభ్యంతరం లేదు.

మన రిపేరు షాపుల్లో దీనికి ఇంకో పేరు బాగా తెలుసు. హైరెన్స్ బూట్ సీడీ. ఒకప్పుడు అది జేబులో లేని మెకానిక్కు లేడు. పాస్‌వర్డు మరిచిపోతే అదే, డిస్కు చూడాలంటే అదే, ర్యామ్ పరీక్షకూ అదే. పాత దాంట్లో డబ్బులిచ్చి కొనాల్సిన సాఫ్ట్‌వేర్లు కూడా ఊరకే పెట్టేశారన్నది అందరికీ తెలిసిన రహస్యం. ఇప్పుడు వస్తున్నది దాన్ని శుభ్రం చేసి కొత్తగా చేసిన రకం.

మరి పొరపాటున చెరిపేసిన ఫైలు సంగతి? రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసేశాం, ఇప్పుడెట్టా? పొలం లెక్కతో చెబితే తొందరగా తెలుస్తుంది. అడంగల్‌లో మీ పేరు కొట్టేశారనుకోండి. పొలం ఎక్కడికీ పోదు. గట్లు అట్లాగే ఉంటాయి, పైరు అట్లాగే ఉంటుంది. ఇంకొకడు వచ్చి దున్నితేనే మీ పైరు పోయేది. హార్డ్‌డిస్కులో ఫైలు చెరపటం కూడా అంతే. జాబితాలో పేరు కొట్టేస్తుంది, సరుకు అక్కడే ఉంటుంది. దాని మీద కొత్త ఫైలు రాసేదాకా తిరిగి తెచ్చుకోవచ్చు. అమెరికాలో పీటర్ నార్టన్ 1982లో అమ్మకానికి పెట్టిన నార్టన్ యుటిలిటీస్‌కు పేరొచ్చింది ఇలా చెరిపేసిన ఫైలును తిరిగి తెచ్చే పనితోనే. ఇప్పుడు అదే పనికి ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. కెమెరా కార్డులో చెరిగిపోయిన ఫోటోలను వెతికి తెస్తుంది. స్టూడియోల వాళ్ళు ఈ పేరు రాసుకోండి. ఫోటోరెక్.

కాబట్టి ఫైలు చెరిగిపోయిందని తెలియగానే ఆ మెషీన్ వాడటం ఆపండి. ఆ కార్డుతో ఇంకో ఫోటో తియ్యకండి. రికవరీ సాఫ్ట్‌వేరును కూడా అదే డిస్కులోకి దించకండి. దించితే మీ పొలం మీరే దున్నుకున్నట్టు. ఇంకో మాట కూడా చెప్పాలి. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఉండే ఎస్‌ఎస్‌డీలకు ఈ ఆశ తక్కువ. చెరిపిన జాగాను అవి తమంతట తామే తుడిచేసుకుంటాయి. స్పీడు బాగుంటుంది, క్షమించటం మాత్రం ఉండదు.

డిస్కే చచ్చిపోతూ ఉంటే? టకటకమని చప్పుడు, ఒక ఫైలు తెరవటానికి అయిదు నిమిషాలు. ఇక్కడే చాలామంది చెక్‌డిస్క్ నడిపిస్తారు. వద్దు. అది డిస్కు మూలమూలా తిరిగి సరిచెయ్యాలని చూస్తుంది. ప్రాణం కొట్టుకుంటున్న డిస్కు ఆ శ్రమకే పోతుంది. ముందు నకలు తీసుకోవాలి. లినక్సులో డీడీరెస్క్యూ అని ఒకటుంది. అది చదవటానికి తేలికైన చోట్లన్నీ ముందు లాగేస్తుంది, మొండికేసిన చోట్లకు ఆఖరున వస్తుంది. ఎంతదాకా చదివిందో ఒక చిట్టా రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయిందనుకోండి, వచ్చాక మళ్ళీ మొదటి నుంచి కాదు, ఆగిన చోటు నుంచే అందుకుంటుంది. మన కరెంటు సంగతి తెలిసినవాడెవడో రాసినట్టుంటుంది.

ఇక నీళ్ళు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. జాతీయ రహదారి తెగింది. ఇళ్ళల్లోకీ దుకాణాల్లోకీ నీళ్ళొచ్చాయి. అట్లా తడిసిన కంప్యూటర్‌ను ఎండలో ఒక పూట పెట్టి ఆన్ చేసి చూస్తాం. అది చెయ్యకండి. తడి ఉండగా కరెంటు ఇస్తేనే చెడేది. బోర్డులు పోతే పోనివ్వండి, కొనుక్కోవచ్చు. డిస్కును మాత్రం మెషీన్‌లోంచి బయటికి తీసి పక్కన పెట్టండి. అందులోకి నీళ్ళు పోయాయనిపిస్తే ఇంట్లో ప్రయోగాలొద్దు, డేటా తీసే ల్యాబులకే ఇవ్వండి. ఖర్చు ఎక్కువే. ఆ ఖర్చు పెట్టేంత విలువ అందులో ఉందా లేదా అన్నది మీరే తేల్చుకోవాలి.

చూశాం. తీసి పెట్టుకున్నాం. ఇప్పుడు మూడోది, బాగు చెయ్యటం. దీని గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే మొదటి రెండూ చేశాక భయమేమీ ఉండదు.

2024 జూలై 19, శుక్రవారం. ఆ రోజు ప్రపంచమంతా నీలం తెరే. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక అప్‌డేట్‌లో తప్పు దొర్లింది. సుమారు 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. మన హైదరాబాదు శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అంత పెద్ద గొడవకు మందు ఏంటో తెలుసా? సేఫ్ మోడ్‌లో లేపి, ఒకే ఒక్క ఫైలు చెరపటం. ఫార్మాట్ కాదు. ఒక్క ఫైలు.

సేఫ్ మోడ్ అంటే, కంప్యూటర్‌ను అత్యవసరమైన సామాన్లతో మాత్రమే లేపటం. తర్వాత ఎక్కించుకున్నవి చాలావరకు నిద్రలోనే ఉంటాయి. మీ మెషీన్ లేస్తూ లేస్తూ పడిపోతుంటే, వరుసగా రెండు మూడుసార్లు అట్లా జరిగాక విండోస్ తనే ఒక నీలం రంగు రిపేరు పేజీ చూపిస్తుంది. సేఫ్ మోడ్ అక్కడుంటుంది. సిస్టం రీస్టోర్ కూడా అక్కడే. ఈ రీస్టోర్ మెషీన్‌ను నిన్నటి స్థితికో మొన్నటి స్థితికో తీసుకుపోతుంది, మీ ఫోటోల జోలికి రాదు. చాలా మెషీన్లలో అది ఆఫ్ చేసి ఉంటుంది. ఇవాళే ఆన్ చేసుకోండి.

ఆ శుక్రవారం నాడు ఇంకో చిక్కు బయటపడింది. చాలా ఆఫీసుల్లో డిస్కుకు బిట్‌లాకర్ అనే తాళం వేసి ఉంది. రిపేరు పేజీలోకి పోగానే 48 అంకెల తాళంచెవి అడిగింది. అది దాచిన సర్వర్లు కూడా పడిపోయిన చోట పని మరీ కష్టమైంది. మీ కొత్త ల్యాప్‌టాప్‌లో మీకు తెలియకుండానే ఈ తాళం పడి ఉండొచ్చు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టి ఉంటే ఆ తాళంచెవి సాధారణంగా ఆ ఖాతాలోనే ఉంటుంది. వెతికి, కాగితం మీద రాసి, బీరువాలో పెట్టండి. అది లేకపోతే నేను ఇందాక చెప్పిన పెన్‌డ్రైవ్ విద్య కూడా పనికిరాదు.

డబ్బులడిగే వైరస్ గురించి కూడా ఒక మాట. 2017 మేలో వానాక్రై వచ్చినప్పుడు మన రాష్ట్రంలో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లను కూడా పట్టింది. దానికి అడ్డుకట్ట వేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. తర్వాత 2019 వేసవిలో ఇట్లాంటిదే ఇంకోటి విద్యుత్ పంపిణీ సంస్థల మీద పడింది. అందులో మనకు కరెంటు ఇచ్చే, తిరుపతి కేంద్రంగా ఉన్న సంస్థ కూడా ఉంది. అట్లాంటప్పుడు ఏ టూలూ చెయ్యలేని పనిని విడిగా దాచిన నకలు చేస్తుంది. విడిగా అంటే తీగ పీకి, బీరువాలో. మెషీన్‌కు తగిలించే ఉంచిన డిస్కును వైరస్ కూడా చూస్తుంది.

టూల్స్ పేరుతో మోసాలూ ఉన్నాయి. నెట్‌లో ఏదో చూస్తుండగా తెర నిండా ఎర్ర అక్షరాలు వస్తాయి. మీ కంప్యూటర్‌లో వందల తప్పులున్నాయి, ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి అంటుంది. చెయ్యకండి. నిజమైన కంపెనీ ఏదీ అట్లా తెర మీద ఫోన్ నంబరు పెట్టి పిలవదు. స్పీడు పెంచుతామనే క్లీనర్లు కూడా నాకు నచ్చవు. వాటిలో చాలావాటి వల్ల స్పీడు తగ్గటమే చూశాను. వైరస్ అనుమానం ఉంటే కేంద్ర ప్రభుత్వం 2017లో పెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైటులో ఉచిత సాఫ్ట్‌వేర్లు దొరుకుతాయి. ఇట్లాంటి మోసంలో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. ఒకటి, తొమ్మిది, మూడు, సున్నా.

ముగించేముందు ఒక పని అప్పజెబుతాను. మీ మెషీన్ బాగున్నప్పుడే 32 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి కొనండి. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ఖాళీది తీసుకోండి. స్టార్ట్‌లో 'రికవరీ డ్రైవ్' అని కొట్టి, అడిగినవాటికి సరే అంటూ పోండి, ఒక పూటలో తయారవుతుంది. దాని మీద కాగితం అంటించి మెషీన్ పేరు రాయండి. రాశాక అట్లాగే సొరుగులో పడెయ్యకండి. ఒకసారి మెషీన్ కట్టేసి, ఆ పెన్‌డ్రైవ్ పెట్టి లేపి చూడండి. లేవకపోతే ఇవాళే తెలుస్తుంది. లేస్తే, అది ఏ కీ నొక్కితే లేచిందో, ఎఫ్12నో ఎఫ్9నో, అదే కాగితం మీద రాసిపెట్టండి.